మనోవేదనకు పరిహారం: దయ కాదు, హక్కు కావాలి

మా రఘునాథపల్లి మండలంలో నా పేరు గలవారు నాకు తెలిసి ముగ్గురున్నారు. పేరు ఒకటైతే వచ్చే చిక్కులు ముస్లిం కుటుంబాలకు కొత్త కాదు. తపాలా మారిపోవడం, ఓటరు జాబితాలో తండ్రి పేరు తారుమారు కావడం మనకు అలవాటే. కాని ఉద్యోగ విరమణ చేసిన మూడవ ఏట నాకు ఎదురైన చిక్కు అంత తేలికైనది కాదు. పింఛను జమయ్యే నా బ్యాంకు ఖాతాను ఒకనాడు హఠాత్తుగా స్తంభింపజేశారు. రుణం ఎగవేశానన్నారు. నేను ఆ బ్యాంకులో ఏనాడూ రుణం తీసుకోలేదు. నా పేరే గల మరొకరి బాకీని నా ఖాతాకు తగిలించారు. ఆ పొరపాటు దిద్దుకోవడానికి వారికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా నా భార్య కంటి శస్త్రచికిత్స వాయిదా పడింది. ముప్పై ఏళ్లుగా అప్పు ఎరుగని కిరాణా కొట్టులో నా పేరు మీద పద్దు మొదలైంది. 'ఎగవేతదారు' అన్న మాటను నలుగురి ముందు విని తలదించుకున్న రోజులు నేను మరచిపోలేదు.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేశాను. వకీలును పెట్టుకోలేదు. జీవితమంతా దస్త్రాలు రాసిన చేయి గనుక నా అర్జీని నేనే రాసుకున్నాను. ఏడాది తిరిగేసరికి తీర్పు వచ్చింది. మనోవేదనకు 10,000 రూపాయలు, ఖర్చులకు 3,000 రూపాయలు చెల్లించాలని బ్యాంకును ఆదేశించారు. మొత్తం పెద్దది కాదు. కాని తీర్పులో 'మనోవేదన' అన్న మాట చూసినప్పుడు నా నాలుగు నెలల అవమానాన్ని ఒక ప్రభుత్వ కాగితం ఒప్పుకున్నదన్న తృప్తి కలిగింది.

ఈ సంగతి విని పక్క గ్రామం నుంచి ఒక తండ్రి మా ఇంటికి వచ్చాడు. అతని కుమారుణ్ణి ఏదో కేసులో అనుమానితుడన్న పేరుతో తీసుకువెళ్లి నాలుగు రోజులు ఉంచుకున్నారు. అక్కడ కూడా పేరే పొరపాటు. వెతుకుతున్న మనిషి వేరని తేలగానే రాత్రివేళ వదిలిపెట్టారు. అరెస్టు పత్రం లేదు, కోర్టు ముందు హాజరు లేదు, విడుదల చీటీ లేదు. ఆనాటి నుంచి ఆ కుర్రవాడికి నిద్ర లేదు. తలుపు చప్పుడైతే లేచి కూర్చుంటాడు. పని చేస్తున్న దుకాణంవారు మెల్లగా మానిపించారు. నిశ్చయమైన సంబంధం తప్పిపోయింది. ఆ తండ్రి నన్ను అడిగిన మాట ఒక్కటే: "భాయ్‌సాబ్, బ్యాంకోళ్లు పేరు తప్పుబడితే మీకు పదివేలు ఇచ్చిన్రు గదా. మా పిల్లగానికి గూడ ఏమన్న ఇప్పిస్తరా?"

నేను "చూద్దాం" అన్నాను. ముప్పై నాలుగేళ్లు కార్యాలయంలో కూర్చున్నవాణ్ణి. 'చూద్దాం' అన్న మాటకు అక్కడ ఏమి అర్థమో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ సిగ్గుతోనే ఈ విషయాన్ని చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది పాఠకులతో పంచుకోవడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మనసుకు తగిలిన దెబ్బకు డబ్బుతో వెలకట్టడం కొత్త ఆలోచన కాదు. 1897లో ఇంగ్లండులో ఒక వ్యక్తి పరిహాసానికి ఒక గృహిణి వద్దకు వెళ్లి, నీ భర్త ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడని అబద్ధం చెప్పాడు. ఆ దిగ్భ్రాంతితో ఆమె చాలాకాలం మంచం పట్టింది. ఒంటి మీద ఒక్క దెబ్బ పడకపోయినా కోర్టు ఆమెకు 100 పౌండ్లు ఇప్పించింది. విల్కిన్సన్, డౌన్టన్ మధ్య నడిచిన ఆ వ్యాజ్యాన్ని న్యాయవిద్యార్థులు నేటికీ చదువుతారు.

మన దేశంలోనూ ఈ దారి చాలా దూరం సాగింది. లక్నో అభివృద్ధి సంస్థ ఒక వినియోగదారునికి ఇవ్వవలసిన ఇంటిని సకాలంలో ఇవ్వక వేధించినందుకు అతని మానసిక క్షోభకు 10,000 రూపాయలు ఇవ్వవలసిందేనని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతటితో ఆగలేదు. ఆ సొమ్ము ప్రజల పన్నుల నుంచి పోరాదు, తప్పు చేసిన అధికారులెవరో తేల్చి వారి నుంచి రాబట్టాలని కూడా ఆదేశించింది. ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన తప్పించుకోవడం కుదరదన్న మాట ఆ తీర్పులో సుస్పష్టం.

1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసు వచ్చింది. తప్పుడు ఇంజక్షన్ వల్ల ఒక పసివాడి మెదడు దెబ్బతిన్నది. బాలునికి 12 లక్షల 50 వేలు, తల్లిదండ్రుల మనోవేదనకు విడిగా 5 లక్షలు ఇవ్వాలన్న జాతీయ కమిషన్ ఆదేశాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. బిడ్డ బాధ వేరు, ఆ బిడ్డను చూస్తూ జీవితాంతం కుమిలే తల్లిదండ్రుల బాధ వేరు అని న్యాయస్థానం గుర్తించింది. ఈ అంశం మనకు ముఖ్యమైనది. దీనిని మరొకసారి ప్రస్తావిస్తాను.

వరంగల్ జాతీయ రహదారి మా మండలం మీదుగా పోతుంది. ఆ దారిలో ప్రమాదాలు మాకు నిత్యకృత్యం. మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లలో మృతుని సంపాదన నష్టమే కాక, 'సాహచర్య నష్టం' అన్న పద్దు కూడా ఉంటుంది. తోడు, ఆప్యాయత, ఆదరణ కోల్పోయినందుకు ఇచ్చే మొత్తం అది. 2017లో ప్రణయ్ సేఠీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిని 40,000 రూపాయలుగా నిర్ణయించి, మూడేళ్లకొకసారి 10 శాతం పెంచాలన్నది. 2018లో మరొక తీర్పు ఈ హక్కు జీవిత భాగస్వామికే కాక తల్లిదండ్రులకు, పిల్లలకు కూడా ఉన్నదని స్పష్టం చేసింది. మనవారు చాలామంది భార్య పేరున మాత్రమే ఇది అడిగి, పిల్లల భాగం, వృద్ధులైన తల్లిదండ్రుల భాగం వదిలేస్తున్నారు.

ఇక మన అక్కచెల్లెళ్లు తప్పక తెలుసుకోవలసినది 2005 నాటి గృహహింస చట్టం. అందులోని 22వ సెక్షన్ మానసిక హింసకు, భావోద్వేగపరమైన క్షోభకు నష్టపరిహారం ఇప్పించే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇస్తున్నది. ఈ చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. భరణం కోసం వేసే అర్జీకి ఇది అదనం. ఒంటి మీద గాయం చూపనక్కరలేదు. నిత్యం తిట్లు, బెదిరింపులు, పుట్టింటికి పంపుతానన్న హెచ్చరికలు భరించిన స్త్రీ కూడా దీని కింద అడగవచ్చు.

అంటే బ్యాంకు, ఆసుపత్రి, బీమా కంపెనీ, భర్త, అత్తింటివారు వీరిలో ఎవరు మనసును గాయపరచినా చట్టంలో ఒక పద్దు ఉంది. గాయపరచినది రాజ్యమైతే, అందునా పోలీసు వ్యవస్థ అయితే పరిస్థితి ఏమిటి?

ఇక్కడ కూడా న్యాయస్థానాలు పూర్తిగా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బీహారుకు చెందిన రుదుల్ షా 1968లో నిర్దోషిగా తేలినా 1982 వరకు, అంటే 14 ఏళ్లు, జైలులోనే మగ్గిపోయాడు. 1983లో సుప్రీంకోర్టు ఆయనకు 35,000 రూపాయలు ఇప్పించింది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే రాజ్యం పరిహారం చెల్లించాలన్న సూత్రానికి అది పునాది. 1985లో జమ్మూ కాశ్మీరు శాసనసభ్యుడు భీంసింగ్‌ను సభకు వెళ్లనీయకుండా కొద్దిరోజులు అక్రమంగా నిర్బంధించినందుకు 50,000 రూపాయలు ఇప్పించింది. ఆయన నిర్బంధం సంవత్సరాల తరబడి సాగినది కాదు, కొద్దిరోజులే. అయినా అక్రమం అక్రమమే అన్నది కోర్టు.

1987 డిసెంబరులో ఒడిశాలో పోలీసు నిర్బంధంలో ఉన్న ఒక యువకుడు మరునాడు రైలు పట్టాల మీద శవమై కనిపించాడు. అతని తల్లి నీలబతి బెహరా సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే పిటిషనుగా స్వీకరించిన కోర్టు 1993లో ఆమెకు లక్షా 50 వేలు ఇప్పించింది. వకీలు లేని ఒక తల్లి ఉత్తరం ఈ దేశ న్యాయచరిత్రలో ఒక మైలురాయి అయింది. అనంతరం 1996 నాటి డి.కె.బసు తీర్పు అరెస్టు సమయంలో పోలీసులు పాటించవలసిన నియమాలను విధించింది.

ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ విషయం అందరికీ తెలిసినదే. 1994లో గూఢచర్యం నేరం మోపి అరెస్టు చేశారు. ఆ ఆరోపణ నిలవదని సీబీఐ 1996లోనే తేల్చింది. 2018లో సుప్రీంకోర్టు ఆయన అనుభవించిన మానసిక వ్యధకు, అవమానానికి 50 లక్షల రూపాయలు చెల్లించాలని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. తరువాత ఆ ప్రభుత్వం మరొక కోటీ 30 లక్షలు చెల్లించి ఆయన వేసిన దావాను పరిష్కరించుకుంది. ఆయనకు జరిగిన న్యాయాన్ని మనం మనస్ఫూర్తిగా ఆహ్వానించాలి. అదే సమయంలో ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. ఇరవై నాలుగేళ్లు పోరాడగల పేరు, చదువు, పరపతి లేనివారి సంగతి ఏమిటి?

ఈ ప్రశ్నకు మన హైదరాబాదులోనే జవాబు ఉంది.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో 9 మంది, అనంతరం జరిగిన పోలీసు కాల్పులలో 5 గురు ప్రాణాలు కోల్పోయారు. తరువాత పాతబస్తీలో డజన్ల కొద్దీ ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. వారిని హింసించిన తీరును రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ తన నివేదికలో నమోదు చేశారు. చివరకు కోర్టులు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టాయి. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మేరకు నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవో ద్వారా 70 మందికి పరిహారం ఇచ్చింది. 20 మందికి తలా 3 లక్షలు, 50 మందికి తలా 20 వేలు, వెరసి 70 లక్షలు. సత్ప్రవర్తన పత్రాలు కూడా ఇచ్చారు. ఆ రోజు మనలో చాలామంది కళ్లు చెమర్చాయి.

ఆ సంతోషం నిలవలేదు. ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. 2013 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. ఇచ్చిన సొమ్మును తిరిగి వసూలు చేయాలన్నది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారానికి అర్హత రాదన్నది కోర్టు దృష్టి.

ఈ తీర్పు వెలువడినప్పుడు నాకు కలిగినది ఆగ్రహం. ఇప్పుడు, ఒక గుమాస్తా కళ్లతో మళ్లీ చూస్తే, నాకు కనిపించేది మరొక సత్యం. ఆ జీవో వెనుక చట్టం లేదు. కార్యాలయంలో మేము ఏ చెల్లింపు ఉత్తర్వు రాసినా 'ఫలానా చట్టం, ఫలానా నిబంధన కింద' అన్న వాక్యంతో మొదలుపెడతాం. ఆ వాక్యం లేని ఉత్తర్వు ఆడిట్‌లో నిలవదు. మక్కా మసీదు బాధితులకు ఇచ్చినది రాజు దయతలచి ఇచ్చిన ఇనాము వంటిది. ఇనాము ఇచ్చిన చేయి వెనక్కి తీసుకోవచ్చు, మరొకరు తీసుకోమనవచ్చు. హక్కుగా వచ్చిన దానిని అలా లాక్కోలేరు. మన నాయకులు ఆనాడు చెక్కుల పంపిణీ సభలో ఫొటోలు దిగారు. చట్టం కావాలని శాసనసభలో పట్టుబట్టి ఉంటే ఆ కుటుంబాలకు ఈ రెండో అవమానం జరిగేది కాదు.

ఇందులో ఎదుటి వాదనను కూడా న్యాయంగా వినాలి. విడుదలైన ప్రతివారికీ పరిహారం ఇస్తే ఖజానా ఏమవుతుంది? సాక్షులు భయపడి మాట మార్చినందువల్ల బయటపడిన నేరస్థునికి కూడా ఇవ్వాలా? పరిహారం భయంతో పోలీసులు నిజమైన నేరస్థుణ్ణి పట్టుకోవడానికి వెనుకాడరా? ఇవి కొట్టిపారేయవలసిన ప్రశ్నలు కావు. కాని వాటికి జవాబు 'ఎవరికీ ఇవ్వవద్దు' అన్నది కారాదు. సాక్ష్యం చాలక విడుదలైనవారికి, అబద్ధపు సాక్ష్యం సృష్టించి ఇరికించగా విడుదలైనవారికి తేడా ఉంది. ఆ తేడాను తేల్చే న్యాయవేదిక, దానికి ఒక పద్ధతి, ఒక గడువు ఉండాలి. వైద్యుని నిర్లక్ష్యానికి, దురదృష్టానికి మధ్య తేడాను వినియోగదారుల కమిషన్లు రోజూ తేలుస్తూనే ఉన్నాయి గదా! ఆసుపత్రులేమీ మూతపడలేదు.

సరిగ్గా ఇదే మాటను లా కమిషన్ చెప్పింది. 2018 ఆగస్టులో సమర్పించిన 277వ నివేదికలో, దురుద్దేశంతో నడిపిన తప్పుడు కేసుల బాధితులకు చట్టబద్ధమైన పరిహారం ఉండాలని, అందుకు ప్రత్యేక కోర్టులు ఉండాలని సిఫారసు చేసింది. సంపాదన నష్టమే కాక మానసిక క్షోభ, పరువు నష్టం కూడా లెక్కలోకి రావాలన్నది. ఆ తరువాత నేరశిక్షాస్మృతి స్థానంలో కొత్త చట్టమే వచ్చింది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులో ఉంది. ఆ సిఫారసు అందులో చోటు చేసుకోలేదు. పాత చట్టంలోని 358వ సెక్షన్ మాత్రం 399గా అంకె మార్చుకుని యథాతథంగా వచ్చింది. తగిన కారణం లేకుండా ఒకరిని పోలీసుల చేత అరెస్టు చేయించిన వ్యక్తి బాధితునికి పరిహారం ఇవ్వాలని అది చెబుతుంది. దాని గరిష్ఠ పరిమితి ఎంతో తెలుసా? 1,000 రూపాయలు. అది కూడా అరెస్టు చేయించినవాడు ఇవ్వాలి. అరెస్టు చేసిన రాజ్యం మీద దాని కింద ఒక్క పైసా భారం లేదు.

చట్టం లేనందువల్ల ఏమి జరుగుతుందో అక్షరధామ్ కేసు చెబుతుంది. 2002 సెప్టెంబరులో జరిగిన ఆ దాడి కేసులో శిక్ష పడిన 6 గురిని 2014 మే 16న సుప్రీంకోర్టు నిర్దోషులుగా ప్రకటించింది. వారిలో ముగ్గురు ఉరిశిక్ష పడినవారు. దర్యాప్తు సాగిన తీరును కోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. అటువంటివారు పరిహారం కోసం మళ్లీ అదే కోర్టుకు వెళ్లగా, 2016లో కోర్టు నిరాకరించింది. ఇది చెడు సంప్రదాయానికి దారితీస్తుందన్న భయం వ్యక్తమైంది. ఉరికంబం నీడలో గడిపిన సంవత్సరాలకు వెల లేదు. నా బ్యాంకు ఖాతా ఆగిన నాలుగు నెలలకు వెల ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు నాకు వచ్చిన ఆ 10,000 రూపాయల మీద సంతోషం తగ్గిపోయింది.

ఇది మన దేశపు లోపమే కాదు. అమెరికాలో చూపు, వినికిడి లోపాలున్న ఒక మహిళకు చికిత్సా కేంద్రంవారు సైగభాషా దుబాసీని ఏర్పాటు చేయలేదు. వివక్ష వల్ల కలిగిన మనోవేదనకు ఆమె పరిహారం కోరింది. ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలకు వర్తించే ఆ వివక్ష నిరోధక చట్టాల కింద మనోవేదనకు పరిహారం రాదని 2022లో అక్కడి సుప్రీంకోర్టు ఆరుగురు, ముగ్గురు న్యాయమూర్తుల తేడాతో తీర్పు చెప్పింది. చట్టంలో స్పష్టంగా రాయించుకోకపోతే ఎంత పెద్ద ప్రజాస్వామ్యంలోనైనా ఇదే గతి.

అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారతదేశం 1979లో చేరింది. అక్రమంగా అరెస్టైనవారికి పరిహారం హక్కుగా ఉండాలన్న నిబంధనకు మాత్రం మినహాయింపు కోరింది. ఆ మినహాయింపుకు ఇప్పుడు ప్రాధాన్యం లేదని డి.కె.బసు తీర్పులో సుప్రీంకోర్టే చెప్పినా, ప్రభుత్వం దానిని ఉపసంహరించుకోలేదు.

మా ప్రాంతానికి దగ్గరగా జరిగిన ఒక ఘటనను ప్రస్తావించకుండా ఉండలేను. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీలను పోలీసు వాహనంలో తీసుకువెళ్లారు. మా మండలాన్ని దాటి సాగే ఆ రహదారి మీద, ఆలేరు సమీపంలో ఆ అయిదుగురూ పోలీసు కాల్పులలో మరణించారు. ఆయుధం లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. చేతులకు సంకెళ్లతో సీట్లలో పడివున్న శవాల చిత్రాలు దేశమంతా చూసింది. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది. వారు నేరం చేశారో లేదో తేల్చవలసినది కోర్టు. ఆ తీర్పు ఇక ఎన్నటికీ రాదు. దోషి తల్లిదండ్రులా, నిర్దోషి తల్లిదండ్రులా అన్నది తేలని ఆ తల్లిదండ్రుల మనోవేదన ఏ పద్దు కిందకు వస్తుంది? స్ప్రింగ్ మెడోస్ కేసులో తల్లిదండ్రుల బాధను విడిగా గుర్తించిన న్యాయం, నీలబతి ఉత్తరాన్ని పిటిషనుగా చదివిన న్యాయం ఇక్కడ కూడా మాట్లాడగలగాలి.

చట్టం వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? అవసరం లేదు. ఉన్న దారులను మనమే వాడుకోవడం లేదు. కోర్టులు కన్నీటిని కాదనవు, దానికి ఆధారం అడుగుతాయి. ఆ ఆధారం సమకూర్చుకోవడంలో మనం వెనుకబడి ఉన్నాం. నా అనుభవంలో గమనించిన కొన్ని విషయాలు చెబుతాను.

మొదటిది వైద్యుని కాగితం. అరెస్టైనవారిని ప్రతి 48 గంటలకూ వైద్యుడు పరీక్షించాలని డి.కె.బసు తీర్పు చెబుతోంది. ఆ పరీక్ష అడగాలి, నకలు తీసుకోవాలి. విడుదలైన తరువాత నిద్ర పట్టకపోతే, ఉలిక్కిపడుతుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యునికి చూపించాలి. మన ఇళ్లలో 'పిచ్చి' అన్న ముద్ర పడుతుందని భయపడి దాచిపెడతాం. దర్గాకు తీసుకువెళ్లి తాయెత్తు కట్టిస్తాం. విశ్వాసం ఎవరిది వారిది. కాని తాయెత్తు కోర్టులో సాక్ష్యం కాదు, ఆసుపత్రి చీటీ సాక్ష్యం. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ ద్వారా ఉచితంగా మాట్లాడవచ్చు. వైద్యం మనిషి కోసం, కాగితం కేసు కోసం. రెండూ కావాలి.

రెండవది గడువు. ఇది అన్నింటికంటె ముఖ్యం. అక్రమ నిర్బంధానికి పరిహారం కోరే సివిల్ దావాకు నిర్బంధం ముగిసిన నాటి నుంచి ఒక్క సంవత్సరమే గడువు. దురుద్దేశపు ప్రాసిక్యూషన్‌కైతే నిర్దోషిగా తేలిన నాటి నుంచి ఒక్క సంవత్సరం. ప్రభుత్వం మీద దావా వేయాలంటే ముందుగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు కూడా ఘటన జరిగిన ఏడాదిలోపే చేయాలి. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్లు. రోడ్డు ప్రమాద పరిహారానికి సవరించిన చట్టం 6 నెలలు అంటున్నది. హైకోర్టులో రిట్ పిటిషనుకు ఇలాంటి నిర్ణీత గడువు లేకపోయినా, ఆలస్యానికి కారణం చెప్పుకోవలసి వస్తుంది.

మూడవది అర్జీలో ఆ మాట రాయడం. వకీళ్లు చాలామంది ఆస్తి నష్టం, సంపాదన నష్టం రాసి ఊరుకుంటారు. మనోవేదనను ప్రత్యేక పద్దుగా రాయించి, దానికి కారణాలు తేదీలతో చెప్పాలి. ఏ రోజు పని పోయింది, ఏ రోజు సంబంధం తప్పింది, ఏ పిల్లవాడు బడిలో మాటలు పడ్డాడు అన్నవి కుటుంబంలో చదువుకున్న బిడ్డ ఒక నోటు పుస్తకంలో అప్పటికప్పుడు రాసిపెడితే చాలు. అడగని దానిని కోర్టు ఇవ్వదు.

నాల్గవది ఉచిత న్యాయసహాయం. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి, నిర్ణీత ఆదాయానికి లోబడినవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం కోర్టు ఆవరణలోనే ఉంటుంది. వెళ్లి అడగడమే తరువాయి.

ఇక ఆ తండ్రి సంగతి. ఆయన నా దగ్గరకు వచ్చేసరికి కుమారుణ్ణి వదిలిపెట్టి పద్నాలుగు నెలలైంది. సివిల్ దావా గడువు దాటింది. మానవ హక్కుల కమిషన్ గడువు దాటింది. వైద్యుని చీటీ ఒక్కటీ లేదు. నిర్బంధించారనడానికి ఇరుగుపొరుగు మాట తప్ప ఆధారం లేదు. ఏడాదిపాటు ఆ కుటుంబం "అల్లా చూసుకుంటాడు" అనుకుని మౌనంగా ఉంది. భయం వల్ల కూడా మౌనంగా ఉంది. ఒంటెను కట్టివేసి ఆ తరువాతనే దైవం మీద భారం వేయమన్న ప్రవక్త బోధ మనం విననిది కాదు. గడువులోగా అర్జీ పెట్టడం కూడా ఆ కట్టివేయడం కిందికే వస్తుందని నా నమ్మకం. ఆ కుర్రవాడిని ఇప్పుడు వరంగల్‌లో వైద్యునికి చూపిస్తున్నాం. హైకోర్టులో రిట్ వేయడానికి ఒక యువ న్యాయవాది కాగితాలు చూస్తున్నారు. ఫలితం ఏమవుతుందో చెప్పలేను.

ప్రతి మసీదు కమిటీని నేను కోరేది ఒక్కటే. చందాల పుస్తకం పక్కన మరొక రిజిస్టరు పెట్టండి. మొహల్లాలో ఎవరినైనా పట్టుకుపోతే తేదీ, సమయం, వచ్చినవారి వివరం, చూసినవారి సంతకాలు అదే రోజు రాయండి. విడుదలైన మరునాడే ఆసుపత్రికి పంపండి. పదవ నెల వచ్చేసరికి ఆ కుటుంబాన్ని పిలిచి గడువు గుర్తుచేయండి. దీనికి ఖర్చు ఒక పుస్తకం, ఒక కలం.

మన శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను కోరేది కూడా ఒక్కటే. ఇఫ్తార్ విందులకు వచ్చినప్పుడు వారి చేతిలో 277వ నివేదిక ప్రతిని పెట్టండి. అది ఒక మతం కోసం రాసినది కాదు. ఏళ్లు గడిచాక నిర్దోషిగా బయటపడే ఆదివాసీ యువకునికి, దళిత కూలీకి, పేరు పొరబడి బలైన ఎవరికైనా అది వర్తిస్తుంది. ఆ చట్టం వచ్చిన నాడు, మళ్లీ ఎవరైనా తండ్రి మా ఇంటి గుమ్మంలో నిలబడి అదే ప్రశ్న అడిగితే, నేను "చూద్దాం" అనవలసిన అవసరం ఉండదు. "ఫలానా సెక్షన్ కింద రాద్దాం, కూర్చోండి" అనగలుగుతాను.